హుక్కాకు ఏ బొగ్గు మంచిది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హుక్కా బొగ్గు గురించి కొంతకాలంగా వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. హుక్కా తాగడం ఆరోగ్యానికి చేటని ప్రతి జవాబు చివరా రాయడం లేదు. అయితే బొగ్గు వల్ల నేరుగా కలిగే హాని గురించి నాలుగో జవాబులో వివరంగా రాశాము. మిగతావి చదివినా చదవకపోయినా దానిని మాత్రం దాటవేయవద్దని మనవి.

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. షార్జాలో ఉద్యోగం చేస్తూ నలుగురు స్నేహితులతో కలిసి ఒకే గదిలో ఉంటున్నాను. సెలవు రోజు సాయంత్రం హుక్కా పెట్టుకుంటాము. ఇక్కడి దుకాణాల్లో మూడు రకాల బొగ్గు దొరుకుతోంది: లైటరు చూపగానే అంటుకునే గుండ్రటి బిళ్ళలు, కొబ్బరి చిప్పతో చేశామని అట్టపెట్టె మీద రాసిన క్యూబులు, నిమ్మ, నారింజ కర్రలను కాల్చి చేసినదని చెప్పే ముక్కల బొగ్గు. బిళ్ళలు చవక, పని కూడా తేలిక. కాని వాటితో తాగిన రోజు తల పట్టేసినట్లు ఉంటోంది. వీటిలో ఏది కొనాలి? (షార్జా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందుగా హుక్కాలో బొగ్గు చేసే పనేమిటో చూద్దాము. సిగరెట్‌లో పొగాకు కాలుతుంది. హుక్కా చిలుములో పెట్టేది మాత్రం బెల్లపు పాకమూ గ్లిజరిన్‌ పట్టించిన తడి పొగాకు. అది ఫాయిల్ మీదుగానో రేకు గిన్నె మీదుగానో అందే వేడికి మెల్లగా వేగాలే తప్ప మాడకూడదు. కాబట్టి హుక్కాకు మంచి బొగ్గు అంటే పెద్ద మంటనిచ్చేది కాదు. ముప్పావుగంటో గంటో ఒకే తీరున వేడినిస్తూ, తన సొంత వాసనను పొగలో కలపకుండా, బూడిద రాల్చకుండా నిలిచేది. ఈ మూడు గుణాలలో మీ బిళ్ళలు మూడింటా వెనకబడతాయి.

బిళ్ళ అంత త్వరగా అంటుకోవడానికి కారణం అందులో కలిపిన సురేకారం వంటి నైట్రేటు లవణం. టపాకాయల మందులో ఉండేదీ ఇదే. లైటరు తాకగానే అంచు వెంట చిటపటమంటూ నిప్పురవ్వలు పరుగెత్తడం, ఘాటైన పొగ రావడం మీరు చూసే ఉంటారు. ఆ రవ్వలు ఆగిపోయినంత మాత్రాన బిళ్ళ సిద్ధమైనట్లు కాదు. చాలామంది పైభాగం ఎర్రబడగానే చిలుము మీద పెట్టేస్తారు. అప్పటికి అడుగున నల్లటి వలయం అలాగే ఉంటుంది, ఆ మందు మిగులు అంతా మొదటి పది నిమిషాల పీల్పులోనే లోపలికి పోతుంది. ఎప్పుడైనా తప్పక బిళ్ళనే వాడవలసి వస్తే, దానిని పట్టకారుతో కిటికీ దగ్గర పట్టుకొని అంటించి, నలుపు ఎక్కడా కనిపించకుండా అంతటా బూడిదరంగు నివురు పట్టేవరకు ఆగాలి. ఇంకొక చిక్కు ఏమిటంటే, బిళ్ళ మొదట అతిగా వేడినిచ్చి పొగాకును మాడ్చి, అరగంట దాటేసరికి చల్లబడిపోతుంది, అందుచేత రెండోది, మూడోది వేయక తప్పదు. చవకగా కొన్నదానిలో మిగిలే లాభం అక్కడితో సరి.

ముక్కల బొగ్గుకు అరబ్బు దేశాల కెఫేలలో మంచి పేరుంది, పండ్ల చెట్ల కర్రతో చేసినదైతే మరీను. అయితే ఆ కెఫేలలో పొద్దస్తమానం నిప్పుల కుంపటి దగ్గర నిలబడి, బల్ల బల్లకూ తిరిగి బొగ్గులు మార్చే మనిషి ఒకడు ఉంటాడు. ఆ పనిలో మనవాళ్ళే ఎందరో ఉన్నారు. ఒక్కో ముక్క ఒక్కో పరిమాణంలో ఉండి, ఒకటి ఇరవై నిమిషాలకూ మరొకటి నలభై నిమిషాలకూ కాలిపోయే బొగ్గును అలాంటి చేయి తిరిగినవాడు సంబాళించగలడు. పైగా కర్ర బొగ్గు పగుళ్ళలో చిక్కిన తేమ వల్ల ఒక్కసారిగా పేలి నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంది. కార్పెట్ పరిచిన గదిలో, నలుగురు చుట్టూ కూర్చునే చోట దానిని వాడవద్దనే చెబుతాము.

మిగిలినది కొబ్బరి చిప్ప బొగ్గు క్యూబు. మూడింటిలో మా ఓటు దీనికే, కాని అట్టపెట్టె మీద కొబ్బరికాయ బొమ్మ ఉన్న ప్రతిదీ కొబ్బరి బొగ్గు కాదు. రంపపు పొట్టు బొగ్గునూ ఇతర బొగ్గుపొడులనూ కలిపి అదే అచ్చులో పోసేవారు ఉన్నారు. కొనేటప్పుడు ముందు లెక్క చూడండి. 25 మిల్లీమీటర్ల క్యూబులు కిలోకు 72, 26 మిల్లీమీటర్లవి 64 రావడం ఈ వ్యాపారంలో వాడుక, అంటే 25 మిల్లీమీటర్ల క్యూబు ఒకటి దాదాపు 14 గ్రాములు తూగుతుంది. అదే కొలత క్యూబులు కిలోకు 80, 85 వస్తున్నాయంటే గట్టిగా నొక్కలేదని, లేదా తేలికపాటి పొడి కలిసిందని అర్థం. రెండు క్యూబులను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి: బాగా నొక్కి బాగా ఎండినది గాజుముక్కలాగా ఖణేల్‌మంటుంది, తేమ ఉన్నది మొద్దు శబ్దం చేస్తుంది. వేలితో రుద్దితే కాస్త నలుపు అంటడం సహజమే, అంచులు పొడిగా రాలితే మాత్రం వద్దు.

అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష బూడిద. ఐదు క్యూబులను తూచి, ఒక ఇనుప పళ్ళెంలో పూర్తిగా కాలనిచ్చి, మిగిలిన బూడిదను నగల తూకపు త్రాసులాంటి చిన్న త్రాసు మీద తూచండి. 70 గ్రాముల బొగ్గుకు బూడిద 2 గ్రాములకు అటూ ఇటూగా ఉంటే మంచి చిప్ప బొగ్గే. 5, 6 గ్రాములు మిగిలితే అందులో వేరేదేదో ఉంది. ఊక బొగ్గు కలిస్తే బూడిద ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే వరి ఊకలోనే దాదాపు ఐదో వంతు బూడిద ఉంటుంది. బూడిద తెల్లగా ఉంటే చాలునని దుకాణదారులు చెబుతారు. తెలుపు మంచి గుర్తే, కాని దానిని ఒక్కదాన్నే పట్టుకోకూడదు. మాంసం కాల్చుకునే బార్బెక్యూ బ్రికెట్లలో బూడిద తెల్లగా కనిపించడానికి సున్నపురాయి పొడి కలిపే పద్ధతి ఉంది. ఆ బ్రికెట్లలో కొన్నిటిలో రాక్షసి బొగ్గు కూడా ఉంటుంది కాబట్టి, ఎంత చవకగా దొరికినా వాటిని హుక్కా మీద పెట్టకూడదు.

క్యూబుతో ఉన్న కష్టమంతా అంటించడంలోనే. లైటరుకు లొంగదు. కరెంటు కాయిల్ పొయ్యి మీద ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, ఆరు ముఖాలూ ఎర్రబడేదాకా ఉంచాలి. గ్యాసు పొయ్యి మీదైతే పుల్కాలు కాల్చే జాలీ వేసి పెట్టవచ్చు, కాని రాలిన బూడిద బర్నరు కన్నాల్లోకి పోతుంది. ఇండక్షన్ పొయ్యితో ఈ పని కాదు. ఫాయిల్ వేసిన మామూలు మట్టి చిలుముకు మూడు క్యూబులతో మొదలుపెట్టి, పొగ ఘాటెక్కగానే ఒకటి తీసేయడం మంచిది.

ఇక తల పట్టేయడం గురించి. బిళ్ళలోని మందు వాసనకు కొందరికి తలనొప్పి వచ్చేమాట నిజమే అయినా, నేరమంతా దాని మీదే వేయలేము. క్యూబులకు మారిన తర్వాత కూడా అలాగే ఉంటే, అసలు కారణం నాలుగో జవాబులో ఉంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా చెల్లెలి పెళ్ళికి ముందురోజు మేడమీద సంగీత్ పెట్టుకుంటున్నాము. వచ్చే కుర్రకారు కోసం నాలుగు హుక్కాలు ఏర్పాటు చేద్దామని అనుకుంటున్నాము. కబాబుల కోసం క్యాటరర్ సర్కారు తుమ్మ బొగ్గు ఎలాగూ తెస్తున్నాడు. అందులోంచే హుక్కాలకు వాడుకోవచ్చా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వాడకండి. సర్కారు తుమ్మ బొగ్గు మన పల్లెల్లో మట్టి కప్పిన బట్టీల్లో కాలుతుంది. ఇస్త్రీ పెట్టెకూ కబాబుల పొయ్యికీ అది చాలా మంచి బొగ్గు. కాని ఆ బట్టీలో నడిమి కర్రకు, అంచు కర్రకు వేడి సమానంగా అందదు, అందుచేత సగం కాలిన కర్రముక్కలు ప్రతి బస్తాలోనూ ఉంటాయి. నిప్పు మీద వేయగానే పసుపుపచ్చని పొగ వచ్చేవి అవే. కబాబు పొయ్యిలో ఆ పొగ ఆరుబయటికి పోతుంది, ఘుమఘుమ కూడా అనిపిస్తుంది. హుక్కాలో అది గొట్టం గుండా నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి తోడు రవ్వలు.

రవ్వల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి గుర్తుచేయాలి. 2017 డిసెంబరు 29 అర్ధరాత్రి దాటాక ముంబైలోని కమలా మిల్స్ ఆవరణలో, మేడమీది రెస్టారెంట్లలో జరిగిన అగ్నిప్రమాదంలో 14 మంది చనిపోయారు. హుక్కా బొగ్గుల నుంచి ఎగిరిన నిప్పురవ్వలు అలంకరణ తెరలకు అంటుకోవడమే దానికి కారణమని అగ్నిమాపక శాఖ విచారణలో తేలింది. సంగీత్ కోసం మేడ మీద ఎలాంటి అలంకరణ ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు: షామియానా, పరదాలు, ఎండుపూల తోరణాలు, చున్నీలు, పైగా మేడ మీద గాలి. అక్కడ నాలుగు హుక్కాలకు నిప్పులు మోసే పనిని ఏ కుర్రాడికో అప్పగిస్తే ఏమవుతుందో ఊహించండి.

ఇక చట్టం సంగతి. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరి 12న హుక్కా పార్లర్లను నిషేధించే బిల్లును ఆమోదించింది. ఇంట్లో జరుపుకునే వేడుక పార్లరు కాదని మీరు అనవచ్చు, కాని హుక్కాలను అద్దెకు తెచ్చి, మనిషిని పెట్టి, వచ్చినవారందరికీ అందించే ఏర్పాటును పోలీసులు ఎలా చూస్తారన్నది న్యాయవాదిని అడిగి తెలుసుకోవలసిన విషయం. మమ్మల్ని అడిగితే, సంగీత్‌కు కబాబులు చాలు.

ప్రశ్న: మాది కోనసీమ. నాకు ఐదెకరాల కొబ్బరి తోట ఉంది, మా బావమరిది అంబాజీపేటలో కొబ్బరి కొట్టు నడుపుతాడు. ఇద్దరి దగ్గరా చిప్పలు గుట్టలుగా పడుంటాయి. కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్ళు, హుక్కా బొగ్గు అక్కడ మంచి ధర పలుకుతుందని, చేసి పంపమని అడుగుతున్నారు. ఇంటి దగ్గర చేయగలమా? (అమలాపురం దగ్గరి నుంచి ఒక రైతు)

జవాబు: బొగ్గు చేయగలరు. హుక్కా బొగ్గు చేయడం మాత్రం అంత తేలిక కాదు, కువైట్‌కు పంపడం అంతకంటే కష్టం. ఒక్కొక్కటిగా చెబుతాము.

చిప్ప బాగా ముదిరిన కాయదై, పీచు అంటకుండా, ఎండినదై ఉండాలి. లేత కాయల చిప్పలు పలుచన, బొగ్గు తక్కువ వస్తుంది. పై మూత తీసిన 200 లీటర్ల ఇనుప డ్రమ్ము అడుగున గాలి కన్నాలు పెట్టి, కొద్దిగా చిప్పలు వేసి అంటించి, మంట నిలదొక్కుకున్నాక కొంచెం కొంచెంగా నింపుతూ పోవాలి. మొదట దట్టమైన తెల్లటి పొగ వస్తుంది; అది చిప్పలోని తేమ, తారు, ఆమ్లాల ఆవిరి, కళ్ళు మండుతాయి, ఇరుగుపొరుగు గొడవకు వస్తే వారిని తప్పుపట్టలేము. ఆ పొగ పలచబడి దాదాపు కనపడకుండా పోయి, కాస్త నీలిరంగు తిరిగినప్పుడే కాలడం పూర్తయినట్లు. అక్కడే అసలు నేర్పు ఉంది. అప్పుడు కన్నాలు మట్టితో మూసి, మూత బిగించి, మెత్తటి బంకమట్టితో అంచు మెత్తి, మర్నాటి వరకు తెరవకూడదు. తొందరపడి తెరిస్తే గాలి తగిలి లోపలి బొగ్గంతా అంటుకొని బూడిదవుతుంది. ముందే మూసేస్తే తారు లోపలే మిగిలి, రేపు హుక్కాలో వాసన కొడుతుంది. అంతా సవ్యంగా జరిగితే చిప్ప బరువులో నాలుగో వంతు నుంచి దాదాపు మూడో వంతు వరకు బొగ్గు చేతికొస్తుంది. అంటే కిలో బొగ్గుకు మూడున్నర, నాలుగు కిలోల చిప్పలు.

ఇలా వచ్చిన బొగ్గు వంపు తిరిగిన పెంకులుగా ఉంటుంది. అలాగే హుక్కా మీద పెడితే పలుచని పెంకు పది నిమిషాలు కూడా నిలవదు, పైగా చిటపటమంటూ పేలుతుంది. అందుకే దానిని పొడి చేసి, జల్లించి, పిండి గంజితో ముద్దచేసి, యంత్రంలో బాగా నొక్కి క్యూబులు కోస్తారు. ఇండోనేషియాలో ఈ పరిశ్రమ పెద్దది, అక్కడ గంజికి వాడేది కర్ర పెండలం పిండి. మీకు అది ఎక్కడో వెతకనక్కర్లేదు, పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో దొరికే పిండే. కలిపేది నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళు. ఎక్కువ కలిపితే క్యూబు గట్టిగానే ఉంటుంది, కాని అంటించినప్పుడు మాడిన అట్టు వాసన వస్తుంది; తక్కువైతే రవాణాలోనే పొడి అవుతుంది. తర్వాత ఎండబెట్టడం. మీ కోనసీమ గాలిలోని తేమకు ఎండ చాలదు. తేమ 5, 6 శాతానికి దిగేవరకు వేడిగాలి గదిలో ఆరబెట్టాలి. చేత్తో నొక్కి ఎండలో పెట్టినది మొదటి నిప్పుకే పగిలిపోతుంది. అంటే పొడిచేసే యంత్రం, నొక్కే యంత్రం, ఆరబెట్టే గది, ఈ మూడూ లేకుండా అమ్మకానికి పనికొచ్చే సరుకు తయారుకాదు.

ఇక పంపడం. బొగ్గు తనంతట తాను వేడెక్కి అంటుకోగల సరుకు. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో దానికి 1361 అనే సంఖ్య ఉంది. ఊరి నుంచి తిరిగి వెళ్ళే వారి సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన రెండు కిలోలు సర్దడం కుదరదు. విమానంలోకి రానివ్వరు, దొరికితే వారికే ఇబ్బంది. ఓడలో పంపాలన్నా ఆ జాబితా నిబంధనల ప్రకారం పరీక్షలు చేయించి, పత్రాలు చూపించాలి. అది ఎగుమతి సంస్థలు చేయగల పని.

మా సలహా వేరే ఉంది. నీళ్ళ ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్‌కు కొబ్బరి చిప్ప బొగ్గే మేలైన ముడిసరుకు. ఆ తయారీదారులకు క్యూబులు అక్కర్లేదు, పెంకు బొగ్గే కొంటారు, తారు మిగలకుండా కాల్చిందీ లేనిదీ, బూడిద ఎంతన్నదీ చూసి ధర కడతారు. మీ ఇద్దరి చిప్పలూ కలిపితే ఎంత బొగ్గు వస్తుందో పైన చెప్పిన లెక్కన చూసుకొని, ముందు వారిని ధర అడగండి. ఒక్క డ్రమ్ముతో మొదలుపెట్టి చేయి కుదిరాక పెంచుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. స్నేహితులొస్తే తన గదిలో ఏసీ వేసుకొని, తలుపులు మూసుకొని హుక్కా తాగుతారు. అడిగితే, ఇది కొబ్బరి బొగ్గు అమ్మా, పొగ రాదు, మందులేవీ ఉండవు, ఫ్లేవరు కూడా పొగాకు లేని హెర్బల్ అంటాడు. మొన్న వాళ్ళలో ఒక అబ్బాయి లేచి నిలబడుతూనే కళ్ళు తిరిగి పడిపోయాడు. వేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తే 98 ఉంది. అంతా బాగానే ఉందని నవ్వుకున్నారు. నాకు మాత్రం భయం పోలేదు. (విజయవాడ నుంచి ఒక తల్లి)

జవాబు: మీ భయమే సరైనదమ్మా. ఆ అబ్బాయికి ఏమైందో వైద్యుడు చూడకుండా మేము తేల్చి చెప్పలేము కాని, మీరు రాసిన లక్షణాలు కార్బన్ మోనాక్సైడ్ విషానికి సరిగ్గా సరిపోతున్నాయి. ఆక్సీమీటరులో కనిపించిన 98 ఆ అనుమానాన్ని తీర్చదు. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటరు రక్తం ఎరుపును బట్టి లెక్కగడుతుంది. ఆక్సిజన్ పట్టిన రక్తానికీ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తానికీ అది తేడా కనిపెట్టలేదు. రెండూ దానికి ఒక్కటే. విషమెక్కిన మనిషికి కూడా 97, 98 చూపిస్తుంది. ఆసుపత్రిలో రక్తం తీసి కార్బాక్సీహిమోగ్లోబిన్ (మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్) పరీక్ష చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఈ వాయువు ఎక్కడి నుంచి వస్తుందంటే, మంచి బొగ్గు నుంచే. ఎర్రగా కణకణలాడే బొగ్గు లోపలి పొరలకు గాలి చాలదు, అక్కడ కార్బన్ సగమే కాలి మోనాక్సైడ్ పుడుతుంది. బయట పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఆ ఎర్రటి బొగ్గును తాకినప్పుడు కూడా మోనాక్సైడ్‌గా మారుతుంది. కుంపటిలో నిండుగా రాజుకున్న బొగ్గుల మీద పలచటి నీలిమంట ఆడుతూ ఉండడం మీరు చూసే ఉంటారు; అది మోనాక్సైడ్ మండుతున్న మంటే. చిలుము మీద ఆ మంట ఉండదు, అబ్బాయిలు పీల్చే ప్రతి గుక్కా బొగ్గు చుట్టూ ఉన్న గాలిని మోనాక్సైడ్‌తో సహా కిందికి లాగుతుంది. కింద నీళ్ళున్నాయి కదా, వడకడతాయి కదా అంటారు. మోనాక్సైడ్ నీటిలో దాదాపు కరగదు. నీళ్ళు చేసేది పొగను చల్లబరచడం, దానివల్ల ఇంకా లోతుగా పీల్చడం సులువవుతుంది.

బేరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హుక్కా పొగను, బొగ్గు పెట్టి ఒకసారి, బొగ్గుకు బదులు విద్యుత్ వేడి పెట్టి ఇంకోసారి కొలిచి, 2008లో ఫలితాలు ప్రచురించారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌లో దాదాపు 90 శాతం బొగ్గు నుంచే వస్తున్నదని తేలింది. కేన్సర్ కారకాలైన కొన్ని హైడ్రోకార్బన్లలో కూడా అధికభాగం దాని నుంచే. కాబట్టి చిలుములో పెట్టింది పొగాకా, హెర్బల్ మిశ్రమమా అన్నది ఈ విషయంలో పెద్ద తేడా తీసుకురాదు. పైన నిప్పు అదే కదా. ఇదే శీర్షికలో మేము కొబ్బరి క్యూబు మేలని రాశాము. అది రుచికీ, వాసనకీ, రవ్వలు రాకపోవడానికీ మేలు. బొగ్గు ఎంత శుద్ధమైనదైతే అందులో కార్బన్ అంత ఎక్కువ, గంటసేపు నిలిచే క్యూబు గంటసేపూ మోనాక్సైడ్ ఇస్తూనే ఉంటుంది. చవక బిళ్ళ కనీసం వాసనతో హెచ్చరిస్తుంది. మంచి బొగ్గు ఆ హెచ్చరిక కూడా చేయదు, ఎందుకంటే ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.

రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే మోనాక్సైడ్ 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మామూలు గాలిలో ఉంచితే అది సగానికి తగ్గడానికే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. తల దిమ్ము, వికారం, గుండెదడ, లేవగానే కళ్ళు తిరగడం, ఇవి మొదటి గుర్తులు. కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు, నిలబడగానే పడిపోతారు. ఇంట్లో గర్భిణులు, గుండె జబ్బున్నవారు, పసిపిల్లలు ఉంటే పక్క గదిలో ఉన్నా వారికి ముప్పు ఎక్కువ. ఏసీ ఉంది కదా అనుకోవద్దు; ఇళ్ళలో పెట్టే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు.

ఇంకోసారి ఎవరైనా అలా పడిపోతే ముందు తలుపులు, కిటికీలు తెరిచి, అతనిని బయటి గాలిలోకి తీసుకురండి. బొగ్గు చిలుమును గది నుంచి తీసేయించండి. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో నీరసం వల్ల పడిపోయాడని చెప్పి ఊరుకోకుండా, మూసిన గదిలో బొగ్గు కాలిందన్న మాట వైద్యుడికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట వింటేనే ఆయనకు ఆ రక్తపరీక్ష రాయాలని తోస్తుంది, ఆక్సిజన్ మాస్కు పెట్టాలని తెలుస్తుంది. అబ్బాయి హుక్కా మానేస్తే అంతకన్నా కావలసింది లేదు. మానేదాకా మాత్రం గదిలో వద్దని, బాల్కనీలోనో మేడ మీదో తప్ప బొగ్గు అంటించవద్దని గట్టిగా చెప్పండి. బొగ్గు లేకుండా కరెంటుతో వేడిచేసే పరికరాలు వచ్చాయి. వాటితో మోనాక్సైడ్ చాలావరకు తగ్గేమాట నిజం, కాని పొగాకు పెడితే నికోటిన్ యథాతథంగా ఉంటుంది కనుక వాటిని కొనిపెట్టమని మేము చెప్పడం లేదు.

ప్రశ్న: మా ముత్తాతగారి కాలం నాటి బిద్రీ హుక్కా కుప్పె (అడుగున నీళ్ళు పోసే పాత్ర) ఒకటి మా ఇంట్లో ఉంది. అప్పట్లో చిలుములో ఏ బొగ్గు వేసేవారు? ఇప్పుడు దానిని వాడవచ్చా? (హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గుల్, టికియా అనే పేర్లతో చిన్న బిళ్ళలు, ఉండలు ఉండేవి. బొగ్గుపొడిని అన్నం గంజితో పిసికి ఎండబెట్టినవి అవి. కోనసీమ రైతుకు రాసిన జవాబులో చెప్పిన క్యూబుకూ వాటికీ పద్ధతిలో తేడా లేదు, యంత్రం ఒక్కటే కొత్తది. పెద్ద ఇళ్ళలో వాటిని రాజేసి, వేళకు మార్చడానికి హుక్కాబర్దార్ అని ప్రత్యేకంగా ఒక నౌకరు ఉండేవాడు. దక్కనుకు ఈ అలవాటు చాలా పాతది. అక్బరు దర్బారుకు పొగాకును తీసుకువెళ్ళిన అసద్ బేగ్ దానిని చూసింది బీజాపూరులోనే.

వాడే విషయానికి వస్తే, వద్దు. బిద్రీ లోహంలో అధికభాగం జింకు, అది 420 డిగ్రీలలోపే కరుగుతుంది, ఎర్రటి బొగ్గు వేడి అంతకంటే చాలా ఎక్కువ. నిప్పు జారి కుప్పె మీద పడితే వెండి పొదుగు చెడుతుంది. పాత మిశ్రమాలలో సీసం కూడా ఉండే అవకాశం ఉంది కాబట్టి అందులో నీళ్ళు పోసి పీల్చడం మంచిది కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇలాంటి కుప్పెలను అద్దాల వెనక పెట్టినట్టు మీరూ అల్మరాలో పెట్టుకోండి.

ప్రశ్న: వానాకాలంలో కొన్న పెట్టెలోని క్యూబులు పొయ్యి మీద పేలుతున్నాయి, అంటుకోవడానికి చాలాసేపు పడుతోంది. పాడైనట్లేనా? సగం కాలిన ముక్కలు కూడా చాలా మిగులుతున్నాయి. (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పాడైపోలేదు, తేమ పట్టింది. బొగ్గు నిండా కంటికి కనిపించని రంధ్రాలే, సముద్రపు గాలిలోని తేమను అవి ఊరకే పీల్చుకుంటాయి. క్యూబులను పళ్ళెంలో పలచగా పరిచి, రెండు రోజులు మంచి ఎండలో ఉంచి, బిగుతైన మూతగల డబ్బాలో వేసి దాచండి. మైక్రోవేవ్‌లో పెట్టవద్దు, అది అక్కడే రాజుకోగలదు. ఒకసారి నీళ్ళలో వేసి ఆర్పిన బొగ్గు ఎండబెట్టినా పేలుతూనే ఉంటుంది, దానిని పారేయండి. సగం కాలిన ముక్కలను దాచుకోవాలంటే నీళ్ళు పోయకుండా, చిన్న స్టీలు డబ్బాలో వేసి గాలి చొరకుండా మూత బిగించి, ఆ డబ్బాను ప్లాస్టిక్, గుడ్డలు దరిలో లేని చోట, గచ్చు మీద మర్నాటి దాకా ఉంచండి. గాలి అందక అవే ఆరిపోతాయి. పైన నివురు తెల్లగా ఉన్నా లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది. అందుచేత మర్నాడు చేత్తో తాకి పూర్తిగా చల్లబడ్డాయని తేల్చుకున్న తర్వాత కూడా, వాటిని కొత్త క్యూబుల పెట్టెలో కలపకుండా వేరుగానే పెట్టుకోండి.